ఆఫర్ లెటర్‌లో లేని మనిషి

ఇంట్లో ఒకరికి విదేశంలో ఉద్యోగం వస్తుంది. మన ఐటీ వాళ్ళ మాటల్లో చెప్పాలంటే ‘ఆన్‌సైట్’ వస్తుంది. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి విమానం ఎక్కేదాకా ఆ ఇంట్లో ఎంత హడావిడో మీకు తెలియనిది కాదు. వీసా స్టాంపింగ్, పచ్చళ్ళు, పొడులు, సూట్‌కేసుల తూకాలు, అద్దె ఇల్లు ఖాళీ చేయడం, పిల్లల టీసీలు. ఈ సందట్లో ఏదో ఒక రోజు, పెద్దగా చర్చేమీ లేకుండానే, భార్య తన ఆఫీసుకు వెళ్ళి రాజీనామా ఇచ్చి వస్తుంది. ఎనిమిదేళ్ళు, పదేళ్ళు కష్టపడి నిలబెట్టుకున్న ఉద్యోగం. దాని గురించి ఇంట్లో జరిగిన మాటలన్నీ కలిపితే, ఏ పచ్చడి ఎంత పట్టుకెళ్ళాలన్న దానిమీద జరిగిన మాటలకన్నా తక్కువే ఉంటాయి.

నేను కంపెనీల హెచ్‌ఆర్ విభాగాల్లో ఉద్యోగుల విదేశీ బదిలీలు చూస్తూ వచ్చినదాన్ని. ఈ రోజు మీతో చెప్పాలనుకున్నది ఒకటే. వెంట వెళ్ళే మనిషి ఉద్యోగం సంగతి అక్కడికి వెళ్ళి కుదురుకున్నాక చూసుకునేది కాదు. ఆఫర్ లెటర్ చేతికి వచ్చిన రోజుకూ, దానిమీద సంతకం పెట్టే రోజుకూ మధ్య తేల్చుకోవలసింది. ఆ కొద్ది రోజులే కంపెనీ మీ మాట వినే రోజులు. సంతకం అయ్యాక మీరు అడిగేది కోరిక అవుతుంది, అంతే.

ముందు వీసా సంగతి. అమెరికాకు హెచ్‌1బి వీసామీద వెళ్ళే వాళ్ళ జీవిత భాగస్వామికి హెచ్‌4 ఇస్తారు. దానిమీద అక్కడ ఉండవచ్చు, చదువుకోవచ్చు, కానీ జీతానికి పనిచేయకూడదు. 2015 మే 26 నుంచి ఒక వెసులుబాటు వచ్చింది. భర్తకో భార్యకో గ్రీన్‌కార్డు దారిలో వేసే ఐ-140 పిటిషనుకు ఆమోదం దొరికితే, లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ సాగుతున్న కారణంగా హెచ్‌1బి ఆరేళ్ళ గడువు దాటి పొడిగింపు వస్తే, హెచ్‌4 మీద ఉన్నవాళ్ళు పని అనుమతి కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన వాళ్ళందరూ ఈఏడీ అనేది దాన్నే. ఆ అనుమతి పొందినవాళ్ళలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా భారతదేశంలో పుట్టినవాళ్ళే, వాళ్ళలోనూ దాదాపు అందరూ ఆడవాళ్ళే. ఈ నిబంధన మీద 2015లోనే కోర్టులో కేసు పడింది. 2017లో అప్పటి ప్రభుత్వం దీన్ని ఎత్తేస్తామని ప్రకటించింది, 2021లో ఆ ప్రతిపాదన వెనక్కి వెళ్ళింది. కేసు మాత్రం సాగి సాగి, 2025 అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని విచారణకు తీసుకోబోమని చెప్పాకగానీ ముగియలేదు. పదేళ్ళు. ఈ పదేళ్ళూ కార్డు చేతిలో ఉన్నవాళ్ళు కూడా, వచ్చే ఏడాది ఈ ఉద్యోగం ఉంటుందో లేదో అనుకుంటూనే పనిచేశారు.

ఇప్పుడు ఇంకో వీసా చూడండి. అదే కంపెనీ, అదే అమెరికా ఆఫీసు, అదే పని, కానీ ఉద్యోగిని ఎల్‌1 వీసామీద పంపారనుకోండి. కంపెనీలో ఇక్కడ కనీసం ఏడాది పనిచేసి, అక్కడి శాఖకు బదిలీ అయ్యేవాళ్ళకు ఇచ్చే వీసా అది. దాని వెంట వచ్చే ఎల్‌2 వీసామీద భార్య, 2021 నవంబరులో ఒక కోర్టు కేసు రాజీతో మారిన పద్ధతి ప్రకారం, దిగిన దగ్గర్నుంచీ ఉద్యోగం చేయవచ్చు. విడిగా కార్డు కోసం నెలల తరబడి ఎదురుచూడక్కర్లేదు. ఒకే కంపెనీ పంపిన ఇద్దరు ఉద్యోగులు ఒకే అపార్ట్‌మెంట్ సముదాయంలో పక్కపక్క ఇళ్ళలో ఉంటారు. ఒకరి భార్య దిగిన నెలలోనే ఇంటర్వ్యూలకు వెళుతుంది, రెండో ఆయన భార్య ఏళ్ళకు ఏళ్ళు ఇంట్లో కూర్చుంటుంది. తేడా వీసా పేరులోనే. ఎల్‌1లో ఇబ్బందులు లేకపోలేదు, దానిమీద ఉండి కంపెనీ మారడానికి వీల్లేదు. అయినా రెండు దారులూ ఉన్నప్పుడు ఏది ఎంచుకోవాలన్నది భార్యాభర్తలిద్దరూ కూర్చుని తేల్చుకోవలసిన విషయం. సాధారణంగా దాన్ని కంపెనీ లాయరు ఒక్కరే తేలుస్తారు, తమకు ఏది సులువో చూసుకుని.

మిగతా దేశాల సంగతి త్వరగా చెబుతాను. జర్మనీలో, నెదర్లాండ్స్‌లో నిపుణ ఉద్యోగుల జీవిత భాగస్వాములు స్వేచ్ఛగా పనిచేయవచ్చు. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా వెంట వెళ్ళినవాళ్ళూ అంతే. కానీ 2024 మార్చి 11 నుంచి దరఖాస్తు పెట్టుకున్న కేర్ వర్కర్లకు అసలు కుటుంబాన్ని తీసుకెళ్ళే వీలే లేదు. కెనడాలో ఒకప్పుడు తలుపులు బాగా తెరిచి ఉండేవి. 2025 జనవరి 21 నుంచి బిగించారు. కొన్ని ఉన్నత నైపుణ్య వృత్తుల్లో ఉన్నవాళ్ళ భాగస్వాములకే, అదీ అసలు ఉద్యోగి పర్మిట్‌లో కనీసం 16 నెలల గడువు మిగిలి ఉంటేనే, ఓపెన్ వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. సింగపూర్‌లో 2021 మే నుంచి, డిపెండెంట్ పాస్ మీద ఉన్నవాళ్ళు ఉద్యోగం చేయాలంటే మామూలుగా తమ సొంత వర్క్ పాస్ సంపాదించుకోవలసిందే. మూడేళ్ళ కిందట వెళ్ళిన స్నేహితురాలు చెప్పిన మాట పట్టుకుని ఉద్యోగం మానేయకండి. మీరు వెళ్ళే నెలలో ఏ నిబంధన ఉందో అదే మీకు వర్తిస్తుంది.

వీసా అనుమతిస్తే సరిపోతుందా అంటే, అదీ లేదు. మా పెద్దమ్మ మనవరాలు గుంటూరమ్మాయి. నాలుగేళ్ళ బీఫార్మసీ చదివి, హైదరాబాదు శివార్లలో ఒక మందుల తయారీ సంస్థలో క్వాలిటీ విభాగంలో చేసేది. బ్యాచ్ రికార్డులు చూడటం, ఎక్కడ తేడా వచ్చిందో దర్యాప్తు చేసి రిపోర్టు రాయడం, తనిఖీలకు ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు కాగితాలు అప్పజెప్పడం ఆమె పని. పెళ్ళయ్యాక భర్త వెంట టెక్సాస్ వెళ్ళింది. ‘ఫార్మసిస్టులకు అక్కడ బోలెడు గిరాకీ’ అని అందరూ చెప్పారు. భర్త ఐ-140 వచ్చేదాకా ఆగింది, ఈలోపు అక్కడి ఫార్మసిస్టు పరీక్షకు పుస్తకాలు కొనుక్కుని చదువుకుంది. తీరా దరఖాస్తు దగ్గరికి వచ్చేసరికి తెలిసింది, విదేశాల్లో చదివిన ఫార్మసిస్టులు రాయవలసిన ఆ అర్హత పరీక్షకు, 2003 జనవరి తర్వాత పట్టా పుచ్చుకున్నవాళ్ళయితే కనీసం ఐదేళ్ళ కోర్సు చదివి ఉండాలని. మన బీఫార్మసీ నాలుగేళ్ళే కదా. మన దేశంలో 2008లో మొదలైన ఆరేళ్ళ ఫార్మ్‌డీ చదివినవాళ్ళకు ఈ చిక్కు లేదు.

నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ‘పిన్నీ, ఇన్నాళ్ళూ చదివిందంతా గంగలో కలిసింది’ అంది. నేను అడిగింది ఒక్కటే, ‘ఇక్కడ నువ్వు మందుల షాపులో కూర్చున్నావా అమ్మా?’ అని. ఆమె చేసింది ఫ్యాక్టరీలో నాణ్యత పని. ఆ పనికి అక్కడ ఫార్మసిస్టు లైసెన్సు అక్కర్లేదు. అమెరికా తనిఖీ అధికారుల ముందు కాగితాలు పెట్టిన అనుభవం ఉన్నవాళ్ళను ఆ దేశపు మందుల కంపెనీలు వెతుక్కుంటాయి. రెజ్యూమే తిరగరాసింది, క్వాలిటీ ఉద్యోగాలకే పెట్టింది, కొన్ని నెలల్లో దొరికింది. ఇప్పుడు న్యూజెర్సీలో ఉంది. ఆమె పోగొట్టుకున్న సంవత్సరాలు నన్ను ఇప్పటికీ బాధపెడతాయి. ఆ రంగం తెలిసిన మనిషి ఎవరైనా బయలుదేరే ముందు ఒక గంట ఆమెతో మాట్లాడి ఉంటే అవి మిగిలేవి. ఆ గంటకు డబ్బు కట్టడమే నేను కంపెనీలను అడుగుతున్న సహాయాల్లో మొదటిది. భర్త కంపెనీ ఆ ఇంటికి సోఫా మోయించడానికి అంతకు ఎన్నో రెట్లు కట్టింది.

ప్రతి వృత్తికీ ఇలాంటి మెలిక ఒకటి ఉంటుంది. ఎంబీబీఎస్ చదివినవాళ్ళు అమెరికాలో యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షలు రాసి, మళ్ళీ రెసిడెన్సీ చేయాలి. ఇక్కడ పీజీ చేసి స్పెషలిస్టుగా స్థిరపడ్డవాళ్ళు కూడా చాలావరకు మొదటి మెట్టు నుంచే రావాలి. అయితే ఆ పరీక్షల్లో కొన్ని హైదరాబాదులోనే కూర్చుని రాయవచ్చు, వెళ్ళేదాకా ఆగక్కర్లేదు. బీఈడీ చేసిన లెక్కల టీచర్లు, సైన్సు టీచర్లు బ్రిటన్ వెళుతుంటే ఒక మంచి మాట. 2023 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్ ప్రభుత్వం భారతదేశంతో సహా కొన్ని దేశాల్లో శిక్షణ పొందిన లెక్కలు, సైన్సు, భాషల ఉపాధ్యాయులకు అక్కడి ఉపాధ్యాయ అర్హతను నేరుగా ఇచ్చే ఏర్పాటు చేసింది. 11 నుంచి 16 ఏళ్ళ పిల్లలకు పాఠాలు చెప్పే శిక్షణ, అనుభవం ఉండాలి. మన హైస్కూలు టీచర్లు ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ఇక జర్మనీ వెళ్ళేవాళ్ళకు వీసాకన్నా భాషే పెద్ద గడప. సాఫ్ట్‌వేరులో ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చుగానీ ఆసుపత్రి, బడి, బ్యాంకు, ఎక్కడికి వెళ్ళినా జర్మన్ కావాలి. అది ఆర్నెల్ల ముందు ఇక్కడే మొదలుపెట్టాలి, ఆ ఫీజు కంపెనీ కట్టాలి.

కంపెనీలు ఏం చేస్తున్నాయి? బదిలీ ప్యాకేజీ కాగితం తీసి చూడండి. విమానం టికెట్లు, సామాను రవాణా, మొదటి నెల హోటలు, ఇల్లు వెతికిపెట్టే ఏజెంటు, పిల్లల బడి, పన్నుల సలహాదారు, కొన్నిచోట్ల పెంపుడు కుక్కకు కూడా ఏర్పాట్లుంటాయి. భార్య ఉద్యోగం గురించి ఒక వాక్యం ఉండదు. విదేశీ బదిలీలు మధ్యలో తెగిపోవడానికి కుటుంబం అక్కడ కుదురుకోలేకపోవడం ఒక ముఖ్య కారణమని ఈ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. తెలిసీ ఆ వాక్యం రాయరు, ఎందుకంటే ఎవరూ అడగరు.

చేస్తున్నవాళ్ళు లేకపోలేదు. 2001లో కొన్ని బహుళజాతి సంస్థలు కలిసి పర్మిట్స్ ఫౌండేషన్ అని పెట్టుకున్నాయి. ఉద్యోగుల వెంట వెళ్ళే భాగస్వాములకు పని హక్కు ఇవ్వమని ప్రభుత్వాలను అడగడమే దాని పని. స్విట్జర్లాండులోని లోజాన్ ప్రాంతంలో 2011లో కొన్ని కంపెనీలు, విద్యాసంస్థలు చేయి కలిపి, ఒకరి ఉద్యోగి భాగస్వామికి మరొకరి సంస్థలో అవకాశాలు చూపించే వేదిక ఒకటి మొదలుపెట్టాయి. మన ప్రభుత్వం కూడా ఈ సమస్యను గుర్తించలేదనడానికి లేదు. చాలా దేశాలతో భారతదేశానికి ఒప్పందాలున్నాయి, వాటి ప్రకారం మన రాయబార కార్యాలయాల ఉద్యోగుల కుటుంబ సభ్యులు ఆ దేశంలో జీతానికి పనిచేయవచ్చు, ఆ దేశపు ఉద్యోగుల కుటుంబాలు ఇక్కడ పనిచేయవచ్చు. దౌత్యవేత్త భార్యకు ఉద్యోగం అవసరమని రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నప్పుడు, ఇంజనీరు భార్య విషయంలో అదేమంత కొత్త కోరిక?

ఇక కంపెనీలు చేయగల సహాయాల్లో ఒకదానికి పైసా ఖర్చు కాదు. హెచ్‌4 మీద ఉద్యోగం చేస్తున్న భార్య పని అనుమతి కార్డుకు గడువుంటుంది. ఇంతకుముందు సకాలంలో దరఖాస్తు పెడితే, కొత్త కార్డు వచ్చేదాకా పాతది కొన్నాళ్ళు దానంతటదే చెల్లేది. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టే దరఖాస్తులకు ఆ సదుపాయం తీసేశారు. కార్డు గడువు ముగిసిన రోజున కొత్తది రాకపోతే ఆ రోజే పని ఆపేయాలి. లాప్‌టాప్ అప్పజెప్పి ఇంటికి వెళ్ళాలి. ఆమె దరఖాస్తు భర్త హెచ్‌1బి పొడిగింపు మీద ఆధారపడి ఉంటుంది, ఆ పొడిగింపును వేయవలసింది భర్త కంపెనీ లాయరు. గడువుకు ఆర్నెల్ల ముందు నుంచే వేయవచ్చు. చాలా కంపెనీలు ఆఖరి రెండు నెలల్లో తీరిగ్గా వేస్తాయి, వాళ్ళ ఉద్యోగికి అందువల్ల నష్టమేమీ లేదు కనుక. ఆయన పొడిగింపు పెండింగులో ఉన్నా పనిచేసుకోవచ్చు. ఇంట్లో ఆవిడ ఉద్యోగం పోతుంది. ‘ఆర్నెల్ల ముందు మొదటి రోజే వేయండి’ అని హెచ్‌ఆర్‌కు ఒక ఈమెయిల్ రాయడం భర్తల బాధ్యత. రాయండి. రెండుసార్లు గుర్తుచేయండి.

ఇక్కడినుంచి బయలుదేరే ముందు కాగితాల పని ఒకటుంది. యూనివర్సిటీ నుంచి మార్కుల ట్రాన్స్‌క్రిప్టులు ఒకటికి నాలుగు సెట్లు, సీలు వేసిన కవర్లలో తీసుకోండి. వెళ్ళిపోయాక కావాలంటే, రిటైరయిన మీ నాన్నగారు అధికార పత్రం పట్టుకుని పరీక్షల విభాగం కిటికీ ముందు నిలబడవలసి వస్తుంది. పాత కంపెనీ నుంచి అనుభవ పత్రం తీసుకునేటప్పుడు తేదీలు, హోదా రాసి ఊరుకోనివ్వకండి, మీరు ఏ పనులు చేశారో వివరంగా రాయించండి. ఇంకొకటి మన తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన చిక్కు. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, డిగ్రీలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పెళ్ళి తర్వాత తీసుకున్న పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు ఉంటుంది. మూడు కాగితాలు, మూడు పేర్లు. ఇవి ముగ్గురు మనుషులవి కాదు, ఒక్కరివేనని నిరూపించడానికి అక్కడ నెలలు పడుతుంది. పాస్‌పోర్టులో పేరు మార్చుకోవడం తప్పనిసరి కాదు. మార్చుకోకుండా ఉంటే మీ సర్టిఫికెట్లన్నీ మీవిగానే ఉంటాయి. ఈ మాట చెబితే కొందరు అత్తగార్లకు కోపం వస్తుందని తెలుసు, అయినా చెబుతున్నాను. ప్రభుత్వ ఉద్యోగులైతే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోకుండా, జీతం లేని అసాధారణ సెలవు ఎంతకాలం దొరుకుతుందో రాతపూర్వకంగా అడిగి మంజూరు చేయించుకోండి. ప్రైవేటు ఉద్యోగులు తొందరపడి ప్రావిడెంట్ ఫండ్ ఖాళీ చేయకండి. పింఛను రావాలంటే మొత్తం పదేళ్ళ సర్వీసు కావాలి, తిరిగి వచ్చాక ఇప్పటి సర్వీసు కలుస్తుంది.

పని అనుమతి లేని రోజుల్లో ఏం చేయవచ్చు? హెచ్‌4 మీద కాలేజీలో చేరి చదువుకోవచ్చు, సర్టిఫికెట్ కోర్సులు చేయవచ్చు, లాభాపేక్ష లేని సంస్థల్లో నిజమైన స్వచ్ఛంద సేవ చేయవచ్చు. జీతం ఇచ్చి చేయించుకునే పనిని సేవ పేరుతో ఉచితంగా చేస్తే చిక్కుల్లో పడతారు. ఇక్కడి కంపెనీకి అక్కడి ఇంట్లోంచి చేస్తాను, జీతం ఇక్కడి ఖాతాలోనే పడుతుంది కదా అని కూడా అనుకోకండి. ఇమ్మిగ్రేషన్ లాయరును అడగకుండా ఆ పని మొదలుపెట్టవద్దు.

ఈ ఖాళీ కాలం మనిషిని ఎలా నలుపుతుందో చూపిస్తూ, తానూ హెచ్‌4 మీద వెళ్ళిన మేఘనా దమానీ 2007లో ‘హార్ట్స్ సస్పెండెడ్’ అని ఒక చిన్న డాక్యుమెంటరీ తీశారు. పల్లవీ బెనర్జీ అనే సామాజిక శాస్త్రవేత్త 2022లో వచ్చిన తన పుస్తకంలో ఐటీ ఉద్యోగుల భార్యలతోపాటు, నర్సులుగా వెళ్ళిన మహిళల భర్తల గురించి కూడా రాశారు. ఆ రెండో కోణం మనకు ఇప్పుడు ముఖ్యం. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకు భాష నేర్పి జర్మనీ పంపుతోంది. వాళ్ళ వెంట వెళ్ళే భర్తల్లో మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు, అకౌంటెంట్లు ఉంటారు. వాళ్ళకూ భాషా శిక్షణ, అర్హతల గుర్తింపు కావాలి. ‘భార్య సంపాదన మీద బతుకుతున్నాడు’ అని ఊళ్ళో నలుగురూ అనే మాట వాళ్ళు మోయాలి. అదే మాట ఆడవాళ్ళను ఎవరూ అనరు. ‘హాయిగా ఇంట్లో కూర్చో, నీకేం తక్కువ’ అంటారు. సొంత జీతం పోగొట్టుకున్న మనిషికి ఆ ఓదార్పు కూడా గుచ్చుకుంటుంది.

ఇంకో విషయం చెప్పకుండా వదలలేను. వీసా, డబ్బు, బ్యాంకు ఖాతా అన్నీ ఒకరి చేతిలో ఉన్నప్పుడు, ఆ చేయి మంచిది కాకపోతే ఏమవుతుందో మీరు ఊహించగలరు. అమెరికాలో హెచ్‌1బి ఉద్యోగి చేతిలో హింసకు గురైన హెచ్‌4 భాగస్వామి, ఐ-140తో సంబంధం లేకుండా, తన పేరుమీద పని అనుమతి కోరవచ్చు. 2017 నుంచి ఆ దరఖాస్తులు తీసుకుంటున్నారు. న్యూజెర్సీలో 1985 నుంచి మానవి అనే సంస్థ దక్షిణాసియా మహిళలకు అండగా ఉంటోంది, ఇతర నగరాల్లోనూ అలాంటివి ఉన్నాయి. కూతురిని పంపే తల్లిదండ్రులు ఈ సంగతి ఆమెకు ముందే చెప్పి పంపండి.

చివరగా, ఇక్కడి కంపెనీల్లో ఇంటర్వ్యూలు చేసే నా తోటివాళ్ళతో ఒక మాట. కొన్నేళ్ళ తర్వాత ఈ మహిళల్లో చాలామంది హైదరాబాదుకో, విజయవాడకో తిరిగి వస్తారు. 2008లోనే టాటా సంస్థ ఇలా విరామం తీసుకున్న మహిళల కోసం రెండో కెరీర్ కార్యక్రమం మొదలుపెట్టింది, తర్వాత మరికొన్ని సంస్థలు ఆ దారి పట్టాయి. మీ కంపెనీలో అలాంటిది లేకపోవచ్చు. కనీసం రెజ్యూమేలో నాలుగైదేళ్ళ ఖాళీ కనబడగానే పక్కన పెట్టేయకండి. ‘ఇన్నేళ్ళూ ఏం చేశారు’ అని అడిగే ముందు, ఆ ఏళ్ళలో ఆమెది ఏ వీసా, దానిమీద పనిచేసే హక్కు ఉందా అని అడగండి. అంతకుముందు ఆమె చేసిన పని గురించి అడగండి. జవాబు పూర్తిగా వినండి.